ఫరూఖ్ వంతు

"గాజులు నేను తియ్యను అత్తమ్మా. ఆయన బతికే ఉండాడు."

నౌషీన్ రెండు చేతులూ వెనక్కి దాచుకొని గోడకు ఆనుకుంది. పెళ్లినాటి ఆకుపచ్చ గాజులు గలగలమన్నాయి. అత్త అజ్మత్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూలబడిపోయింది.

"కంపెనీవోళ్లు అబద్ధం చెప్తారామ్మా?" అన్నాడు మామ ఖాజా. "అంత ఎత్తు బిల్డింగు మీంచి పడితే మొగం యాడ మిగుల్తాది? జేబులో ఫరూఖ్ బతాకా, అదే ఆ గుర్తింపు కార్డు, దొరికిందంట. కువైట్‌లో మనిషికి అదే గదా గుర్తు. పులివెందుల నుంచి మనోళ్లు బస్సెక్కినారు. మొండితనం చేయగాకు."

"నిన్న పడినాడన్నారు గదా మామా? మరి ఈపొద్దు ఏడు గంటలకు ఆట ఎవురు ఆడినారు?"

ఆమె ఫోన్ చూపించింది. అది రాజ్యాలు, రాక్షసులు ఉండే కార్డుల ఆట. ఒకరు కార్డు వేస్తే రెండోవాళ్లు ఒక రోజులోపు వెయ్యాలి. ప్రొద్దుటూరులో ఆమె, కువైట్‌లో ఫరూఖ్. రోజుకొక ముద్దులా, రోజుకొక కార్డు.

"ఎవురో ఫోన్ తీసుకొని ఆడుకుంటాంటారు పిల్లా," అంది పక్కింటి ఫరహత్, నౌషీన్ భుజం నిమురుతూ. ఫరహత్ భర్త అబ్రార్ అక్కడ ఫరూఖ్ గదిలోనే ఉంటాడు. "మా ఆయన కూడా నిన్నట్నుంచి ఫోన్ ఎత్తడం ల్యా. మీ ఆయన కోసరం ఆస్పత్రి కాడ తిరుగుతాంటాడు పాపం."

"ఇది సూడు అక్కా. దీపం పట్టుకున్న ఈ పిల్ల బలం రెండే. దీనికి నా పేరు పెట్టుకున్నాడు. దీన్ని కాపాడేదానికి ఎప్పుడూ రెక్కల గుర్రాన్ని చంపుకుంటాడు, ఓడిపోతాడు, నవ్వుతాడు. ఇంకెవురన్నా అయితే అట్ల ఆడతారా?"

తెర మీద రెక్కల గుర్రం చచ్చి పడి ఉంది. దీపం పిల్ల నిలబడే ఉంది.

నౌషీన్ తన కార్డు వేసింది. కాసేపటికి ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ మోగింది.

"నౌషీనూ, నేనే. గట్టిగా మాట్లాడగాకు."

ఆమె కళ్లు వరదలయ్యాయి. "ఆయనే!" అంది. అజ్మత్ బీ నేలకు నుదురానించి సజ్దాలో వాలిపోయింది. ఖాజా గడప పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఫోన్‌లో ఫరూఖ్ గొంతు మాత్రం జీవం లేకుండా ఉంది.

"నిన్న నాకు జ్వరం. పనికి రాకుంటే ఇంటికి పంపిస్తామన్నారు. అబ్రార్‌కు సెలవు. నా బతాకా జేబులో ఏసుకొని నా బదులు వాడు పనికి పోయినాడు. పోలీసోళ్లకు తెలిస్తే జైలు, ఎవురికీ ఫోన్ చేయొద్దన్నాడు మేస్త్రీ. అందుకే ఆట ఆడినా, నీకన్నా తెలుస్తాదని... నౌషీనూ, ఫరహత్‌కు ఎట్ల చెప్పేది?"

నౌషీన్ తలెత్తింది. ఫరహత్ ఆమె గాజుల చేతిని కళ్లకద్దుకొని ఏడుస్తూ నవ్వుతోంది.

"ఆ ఫోన్ ఇట్లియ్యి పిల్లా, మా ఆయన ఆడనే ఉంటాడు, నేనూ ఒక మాట మాట్లాడతా."