కుడికాలి గేరు, ఎడమకాలి గేరు

మొదట బుల్లెట్ నడపాలి. తరువాత యమహా. రెండిటికీ దారి ఒకటే ఉండాలి. వెనక షాపు మనిషి కూర్చోవాలి, తిరుపతిరావుగారు తెచ్చిన రెండో హెల్మెట్ పెట్టుకోవాలి. పటమటలోని పాత బళ్ళ షాపుకి ఏ ఆదివారం వచ్చినా ఆయన షరతులు ఇవే.

బండితో ఉడాయిస్తారేమోనని మనిషిని వెనక కూర్చోబెట్టి పంపడం ఆ షాపు పద్ధతి. చాలామంది చిన్నబుచ్చుకుంటారు. ఆయన మాత్రం మొదటి రోజే "మనిషి వస్తాడు కదా?" అని అడిగి మరీ ఎక్కారు.

"ఇవాళైనా తేల్చమను" అన్నాడు యజమాని ఇష్తియాక్, అమ్మకాలు చూసే చక్రితో. "కొనకపోతే ఇంక ట్రయల్ లేదు. పెట్రోలు నాది, షికారు ఆయనదీనా?"

చక్రి వెనక ఎక్కాడు. ఆ బుల్లెట్ ఇంగ్లీషువాళ్ళ పాత పద్ధతిది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్తవాళ్ళు తడబడతారు. ఆయన తడబడలేదు. బందరు కాలువ వెంట వెళ్ళొచ్చి, దిగి, జపానువాళ్ళ యమహా ఎక్కారు. గేరు ఎడమకాలికి మారింది. అప్పుడూ తడబడలేదు.

"వెనక ఎలా ఉంది బాబూ?"

"బాగుందండీ. ఇంజను సంగతి అడగరేంటి?"

"అది నాకు తెలుస్తుందిలే. నా మాట వినపడుతోందా?"

"బుల్లెట్ మీద బాగా వినపడిందండీ. దీనిమీద కాస్త ముందుకు వంగాలి."

"మా ఆవిడ రావమ్మా అదే అంటుంది. వంగాల్సొస్తుందనే దీన్ని మెచ్చుకుంటుంది."

చక్రికి ఆశ పుట్టింది. "అయితే అమ్మగారి ఓటు యమహాకి. మరి మీదండీ?"

"బుల్లెట్‌కే. కబుర్లు చెప్పుకోకపోతే ప్రయాణం ఎందుకు?"

"పోనీ ఇంటికెళ్ళి అమ్మగారినే అడుగుదాం. ఇవాళ తేలకపోతే మా ఓనరు ఇంక మిమ్మల్ని బండి ఎక్కనివ్వరండీ."

ఆయన బండి వేగం తగ్గించారు.

"ఎక్కనివ్వరా?" అన్నారు. బండిని పెనమలూరు వైపు పోనిచ్చారు.

ఇంటి గేటుకి తాళం వేసి ఉంది. ఆయనే తీశారు.

"అమ్మగారు ఊరెళ్ళారాండీ?"

"వేసవిలో పోయింది బాబూ."

చక్రి హెల్మెట్ విప్పాడు. ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"అయితే... ఆవిడ గుర్తుగా కొందామనాండీ?"

ఆయన పెరట్లో షెడ్డు దగ్గరికి నడిచి, వంగి, షట్టర్ పట్టుకున్నారు.

"నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు. ఆవిడ చోట్లో కూర్చున్నావు, ఆవిణ్ణి మాత్రం గుర్తుపెట్టుకో" అంటూ పైకి లేపారు.

లోపల ఒక బుల్లెట్, ఒక యమహా ఉన్నాయి.