మొదటి బేస్ దగ్గర ఒక్క ఔట్

అంత నెమ్మదైన బంతికి నార్సీసో ఎలా ఔటయ్యాడన్న అనుమానం ఎలాదియోని ముప్పై ఏళ్లుగా వదల్లేదు. అడిగినప్పుడల్లా నార్సీసో నవ్వి మాట మార్చేసేవాడు. ఇవాళ అలా కుదరదు. చర్చిలో పూజ కాగానే ఫాదర్ వచ్చి, ఊరి ఆటస్థలం గోడ మీద రాసిన ఎలాదియో పేరుకి తీర్థజలం చల్లుతాడు. ఆలోగానే తేల్చుకోవాలని ఎలాదియో నార్సీసో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు! పెళ్లికొడుకులా ఉన్నావురా," అన్నాడు నార్సీసో, బల్ల మీద డొమినో బిళ్లలు పేర్చుకుంటూ. "ఇంతకీ గోడ మీద ఏమని రాశారు? బంతి వెయ్యని పిచర్ అనా?"

శాన్ పెద్రో చుట్టుపక్కల చెరకు ఊళ్లన్నిట్లో ఈ ఎగతాళి ఉన్నదే. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్దదైన మేజర్ లీగ్‌లో, బంతి వేసే పిచర్‌గా ఎలాదియో ఆడింది ఒక్క మ్యాచ్. అవతలి జట్టులో ఇద్దరు ఔటయ్యాక అతన్ని దింపారు. ఆ జట్టు కూడా అప్పుడే, మొదటి బేస్ మీదున్నవాడి బదులు పరిగెత్తడానికి కొత్తవాణ్ణి నిలబెట్టింది. అతను నార్సీసో. ఎలాదియో బ్యాటర్‌కి వెయ్యకుండా మొదటి బేస్‌కి విసిరాడు. రెండో బేస్‌కి పరిగెత్తాలని బేస్ వదిలి ముందుకొచ్చిన నార్సీసో వెనక్కి చేరేలోపే బంతి ఉన్న గ్లౌజు అతన్ని తాకిందని అంపైర్ పిడికిలెత్తాడు. ఆ మూడో ఔట్‌తో ఇన్నింగ్స్ ముగిసింది. మర్నాటికి ఎలాదియో మోచెయ్యి లేవలేదు. ఇంక ఎప్పటికీ సరిగా లేవలేదు. రికార్డులో అతని ఆటంతా ఒక్క వరుస. బ్యాటర్‌కి వేసిన బంతులు సున్నా, ఔట్ ఒకటి.

"నవ్వులాటకి రాలేదురా. ఆ గ్లౌజు నీకు తగిలిందా, లేదా?"

"అంపైర్ చెప్పాడుగా."

"అంపైరేమన్నా దేవుడా? నా బంతి గాల్లో తేలుకుంటూ పోయింది. కోడిపిల్లయినా తప్పుకునేది. నీ అంత వేగంగా పరిగెత్తేవాడు ఈ చుట్టుపక్కల లేడు. తగలకపోతే ఇప్పుడే చెప్పు, ఫాదర్ వచ్చేలోపు నా పేరు చెరిపించేస్తాను. దొంగ ఔట్‌కి దేవుడి దీవెన నాకొద్దు."

"నీ మనవరాలు పొద్దుటినుంచీ ఆ గోడ దగ్గరే కూర్చుందట."

"తెలుసు," అన్నాడు ఎలాదియో.

నార్సీసో భార్య ఎర్సీలియా కాఫీ తెచ్చి పెట్టింది. "మళ్లీ ఆ గొడవేనా అన్నయ్యా? ఆ మాటెత్తితే ఈయన రెండ్రోజులు సరిగా తినడు. ఆ ఔట్ అయిన మర్నాడే కదా ఈయన్ని ఇంటికి పంపేసింది. మళ్లీ పిలిచిన పాపాన పోలేదు," అని లోపలికి వెళ్లిపోయింది.

కొత్త బూటు నొక్కేస్తోంటే ఎలాదియో కుడికాలిది విప్పేశాడు. బొటనవేలికి గోరు లేదు. ఆ చోట నల్లటి కాయ కట్టింది. నార్సీసో ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. చేతిలో బిళ్ల చేతిలోనే ఉంది.

"తగిలింది," అన్నాడు చివరికి.

"దేవుడి మీద ఒట్టా?"

"ఒట్టే. తగలక ఏమవుతుంది? తగిలేదాకా నేను వెనక్కి రాలేదు."

ఎలాదియో కాఫీ కప్పు పక్కకి నెట్టేశాడు. "ఏమన్నావ్?"

"నువ్వు దిగాక, వెయ్యడం మొదలెట్టే ముందు చెయ్యి సవరించుకోడానికి బంతులు విసిరావే, అప్పుడు చూశాను. ప్రతి బంతికీ పళ్లు బిగపట్టావు. నీ మోచెయ్యి పోయిందని ఆ మైదానంలో నాకొక్కడికే అర్థమైంది. ఆ చేత్తో బ్యాటర్‌కి వేసుంటే వాడు చితక్కొట్టేవాడు. అందుకని బేస్‌కి దూరంగా వచ్చి నించున్నాను. ఇటు విసరరా, ఇటు విసురు అని లోపల మొత్తుకున్నాను."

"నీ ఆట కూడా పోయింది కదరా!"

"పోతుందని నాకేం తెలుసు? ఒక్క ఔటే కదా, రేపు మళ్లీ ఆడతాలే అనుకున్నా."

చర్చి గంట మోగింది. ఎలాదియో లేవలేదు. "ఎందుకు చేశావురా ఆ పని?"

నార్సీసో మోకాళ్ల మీద కూర్చుని, విప్పిన బూటు అతని కాలికి నెమ్మదిగా తొడిగి తాడు ముడేశాడు.

"బాకీ తీర్చుకున్నాను, అంతే. కుర్రప్పుడు అమెరికా జట్లవాళ్లు వచ్చి మనల్ని ఎంచిన రోజు, చెరకు కొట్టేసిన మోళ్ల మీద నువ్వు ఒట్టికాళ్లతో పరిగెత్తావు. నా కాళ్లకున్నవి నీ బూట్లే కదరా."