గట్టిగా అన్న ఆమీన్

"కూర్చో వదినా! వెనకవాళ్ళు తిడుతున్నారు," అంటూ మస్నా ఆమె చెయ్యి పట్టుకుని లాగింది.

"నా వల్ల కాదే. నేను చూస్తున్నప్పుడే వాడు గోల్ వదిలేస్తాడు," అంది హలీపా, సీటు కింద చెప్పులు వెతుక్కుంటూ.

రెండు వైపులా ఇంకా గోల్ పడలేదు. ఇలాగే డ్రా అయినా చాలు, ముస్లిం దేశాల క్రీడల్లో ఇండోనేషియా సెమీఫైనల్‌కి వెళ్ళిపోతుంది. కానీ గోల్ దగ్గర నిలబడ్డది హలీపా కొడుకు రుస్దీ. మొన్నటి ఆటలో బంతి వాడి కాళ్ళ సందులోంచి దూరిపోయింది. అప్పట్నుంచి పాలెంబాంగ్ బజారులో పెంపెక్ అనే చేప వడలు వేయించే ఆడవాళ్ళు కూడా, "ఇంటి తలుపేసొచ్చావా అక్కా? లేక అదీ మీవాడే చూసుకుంటాడా?" అని హలీపాని ఏడిపిస్తున్నారు. ఇవాళ కూడా వదిలేశాడంటే సొంత ఊళ్ళో వాడు తలెత్తుకు తిరగలేడు.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుంది. హలీపా మెట్లు దిగి, కింద ఆడవాళ్ళ నమాజు గదిలోకి దూరింది.

అక్కడ ఒకే ఒక్క అరబ్బు మనిషి ఉంది. చేతులెత్తి, కళ్ళనీళ్ళు కారుతుండగా, పైకే దువా చేస్తోంది. హలీపాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయితేనేం, ఖురాన్ భాష! తన పాలెంబాంగ్ యాసలో చేసే దువా ఈ స్టేడియం కప్పు దాటుతుందో లేదో గానీ, ఇది మాత్రం తిన్నగా పైకి చేరేట్టుంది. ఊళ్ళో ఎవరు అరబ్బీలో దువా చేసినా వెనకున్నవాళ్ళు అనే మాటే తనూ అంది.

"ఆమీన్!"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ముఖం విప్పారింది. మళ్ళీ అదే దువా, ఈసారి ఇంకా ఏడుస్తూ. ఆవిడ ఏడ్చినకొద్దీ హలీపా గొంతు పెంచింది. "ఆమీన్! ఆమీన్!"

అంతలో పైన స్టేడియం అంతా ఒక్కసారిగా 'అయ్యో' అంది. ఇద్దరూ పడుతూ లేస్తూ మెట్లెక్కారు.

పెనాల్టీ. అవతలి అరబ్బు జట్టు కుర్రాడు బంతి పెట్టి వెనక్కి నడుస్తున్నాడు. హలీపా తనతో పైకొచ్చిన అరబ్బావిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడు తన్నాడు. రుస్దీ ఎగిరాడు. బంతి అరచేతులకి తగిలి బయటికి పోయింది!

జనం గంతులేశారు. హలీపా మస్నాని కౌగిలించుకుని ఏడ్చేసింది. అప్పుడు వినబడింది రిఫరీ ఈల.

"ఏమైందే?"

"బంతి తన్నకముందే మనవాడు గీత దాటి ముందుకొచ్చాడట. మళ్ళీ కొట్టమంటున్నాడు," అంది మస్నా.

"అబద్ధం!" అని అరిచింది హలీపా. ఆ అడుగు ఆమె కళ్ళారా చూసింది. చూసిందనే అంత గట్టిగా అరిచింది.

పక్కన ఆ అరబ్బు మనిషి గుండె మీద చెయ్యి వేసుకుని, "అల్‌హందులిల్లాహ్," అని దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని ఊపిరి పీల్చుకుంది.

రెండోసారి బంతి వలలో పడింది. కాసేపటికి ఆట ముగిసింది. రుస్దీ గోల్ దగ్గరే ముఖం కప్పుకుని కూలబడిపోయాడు.

హలీపాకి ఒళ్ళు మండిపోయింది. "మాయలాడి! వాళ్ళ తరఫు మనిషే ఇది! నా కొడుకు ఓడిపోవాలని దువా చేసి, నా నోటితోనే ఆమీన్ అనిపించుకుంది. జెడ్డాలో అన్నేళ్ళు అరబ్బుల ఇళ్ళలో పని చేసొచ్చావుగా మస్నా, అడుగు! ఏం కోరుకుందో నా ముందే చెప్పమను!"

మస్నా అడిగింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు చెప్పింది. చివర్లో హలీపా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

"వాళ్ళ మనిషి కాదు వదినా. ఈవిడది ఒమన్. ఆ రిఫరీ పెళ్ళాం."

"రిఫరీ పెళ్ళామా? అయితే మన ఆటకి ఈవిడ ఏడుపెందుకు?"

"మొన్న ఏదో ఆటలో తప్పు పట్టుకోలేదని ఆయన్ని జనమంతా గుడ్డివాడన్నారట."

"అయితే?"

"'యా అల్లా, ఇవాళ ఎంత చిన్న తప్పూ మా ఆయన కళ్ళు దాటిపోకుండా చూడు' అని అడిగిందట వదినా."