చెవిలో అమ్మ

ఆ కాలానికి చూపులేని పిల్లలు పందెంలో పరుగెత్తాలంటే పక్కన తాడు పట్టుకుని పరుగెత్తే మనిషి అక్కర్లేదు. చెవిలో పెట్టుకునే గింజ ఒకటి, వాళ్లు బాగా నమ్మినవాళ్ల గొంతుతో, ఎదురుగా నిలబడి పిలిచినట్టే దారి చెబుతుంది. హైమ తన తల్లి తిరపతమ్మ గొంతు పెట్టించుకుంది.

"అచ్చం నువ్వేనమ్మా. కాకపోతే అది 'పరుగెత్తు తల్లీ, నేనున్నా' అంటుంది, నువ్వేమో 'పడతావే' అంటావు. ధైర్యం చెబితే గింజ, ఏడిస్తే నువ్వు," అని నవ్వేది.

తిరపతమ్మకు నవ్వు వచ్చేది కాదు. తన గొంతు తనకు తెలియకుండా పిల్లను ఎక్కడికో తరుముతోందని ఆమె గుబులు.

జట్టుకు ఎంపిక చేసే పరుగు నాటి పొద్దున, ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి కూతురికి దిష్టి తీసింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి... నా బిడ్డ పడకూడదు, కాలు విరగకూడదు" అంటూ కడుపులోని భయమంతా వెళ్లబోసుకుంది. ముందుగా చెవిలోంచి గింజ తీయించాలన్న సంగతే మరిచిపోయింది. విన్నది విన్నట్టు నేర్చుకోవడమే దాని పని.

మైదానంలో హైమ అందరికన్నా ముందుంది. సగం దూరం వచ్చాక ఉన్నట్టుండి నడకలోకి దిగింది, చేతులు చాపి గాలిని తడుముకుంటూ. పొద్దుటి తన భయమే గింజ ఇప్పుడు పిల్ల చెవిలో చెబుతోందని తిరపతమ్మకు అర్థమైంది. కంచె మీద నుంచి వంగి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అంది.

"పరుగెత్తు తల్లీ, ఏం కాదు, నేనున్నా."

అంత దగ్గరలో ఉండీ హైమ మొహమైనా ఇటు తిప్పలేదు.

"నువ్వు కాసేపు ఊరుకోవే గింజా," అంది. "అమ్మ ఏడుస్తోంది."