కర్టెన్లకు నప్పే కొంగ

ఆదివారం ఉదయం పది గంటలకు, నాచారంలోని తన కొత్త ఫ్లాట్‌లో, గోడ మీది బొమ్మలోంచి నాటు వేస్తున్న ఆడమనిషిని చెరిపేయమని కరుణాకర్ చెప్పాడు.

చిత్రకారిణి పూర్ణిమ గోడ కొలిచి, గళ్లు గీసుకుని పొలమంతా వేసింది. ఆ మనిషి ఒక్కతే ప్లాన్‌లో లేదు, వేస్తుంటే బొమ్మలోకి వచ్చింది.

“మడి మస్తుగొచ్చింది మేడం. గా బురద కాళ్లే సోఫా ఎన్క బాగలేవు. కొంగను వెయ్యిన్రి, కర్టెన్లకు మ్యాచైతది.”

“గామె మీ అమ్మనే సార్. ఆమెను చూసే వేసిన.”

“ఎరికే. గందుకే తీసెయ్యమంటున్న.”

వంటింట్లో అమ్మ తోముతున్న గిన్నెల చప్పుడు ఆగింది.

పూర్ణిమ తన సంతకం మాత్రం చెరిపి వెళ్లిపోయింది.

గురువారం ఇంకో పెయింటర్ వచ్చి కొంగను వేస్తాడు. శుక్రవారం కొత్తింటి దావత్. ఆ పొద్దున్నే అమ్మను ఘట్‌కేసర్‌లోని కూతురింటికి పంపుతారు.