పోలిక

"ఆ ట్యూబులైటు ఆపేయండి సిస్టర్," అన్నాడు ఫోటోగ్రాఫర్.

నర్సు ఆపేసింది. ఆసుపత్రి గదిలో కిటికీ వెలుగు ఒక్కటే మిగిలింది. మంచం మీద, తల్లి ఒడిలో, ఉదయం ఊపిరి లేకుండా పుట్టిన పాప ఉంది.

"ఇప్పుడు ఫోటో ఎందుకు?" అన్నాడు తండ్రి గుమ్మంలోంచే. పాప పుట్టినప్పటి నుంచి అతను లోపలికి రాలేదు. "మర్చిపోవాల్సినదాన్ని దాచుకుంటామా?"

"మర్చిపోతానేమోననే నా భయం," అంది తల్లి.

ఫోటోగ్రాఫర్ పరదా కొంచెం జరిపాడు. వెలుగు పాప చెంప మీద మెత్తగా వాలింది. పసిపిల్లల్ని ఒక్క క్షణం కుదురుగా ఉంచడానికి ఇరవయ్యేళ్లుగా గిలక్కాయలు ఊపినవాడు, చిటికెలు వేసినవాడు. ఇవాళ గిలక్కాయ సంచిలోనే ఉంది. మోచేతులు మంచానికి ఆనించి ఒకే ఒక్క ఫోటో తీశాడు.

కెమెరా తీసుకెళ్లి తండ్రి ముందు పెట్టాడు. "పాపని చూడలేకపోతే, పోనీ ఇది చూడండి బాబూ."

అతను తల తిప్పుకున్నాడు. కాసేపటికి కళ్లు వాటంతటవే కెమెరా మీదికి వచ్చాయి. చాలాసేపు అక్కడే ఆగిపోయాయి.

"గడ్డం మా అమ్మదే," అన్నాడు మెల్లగా.

"లోపలికి వస్తే అదే చెబుదామని చూస్తున్నాను," అంది భార్య.

అతను వచ్చి మంచం అంచున కూర్చుని రెండు చేతులూ చాపాడు. ఫోటోగ్రాఫర్ కెమెరా సంచిలో పెట్టేశాడు.

"మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకోండి," అంది భార్య పాపని అందిస్తూ.

అతను అలాగే పట్టుకున్నాడు.