బాలింకాలిగ్‌లో ఖాళీ గది

గది చూడ్డానికని వచ్చిన మనస్విని ముందు సింకు చూసింది.

అంట్లు లేవు. ఒక్క కప్పు బోర్లించి ఉంది.

"గది పైన ఉందండీ," అన్నాడు తేజేశ్వర్.

కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌లో ఆ ఇల్లు అతను అద్దెకు తీసుకున్నది. మేడ మీద ఒక గది ఖాళీ అయితే, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టాడు. ఐర్లండ్‌లో గది దొరికితే గోడల రంగైనా చూడకుండా సరేనంటారు. ఈమె మాత్రం తొందరపడలేదు.

తొందరపడినవాళ్ళ సంగతి ఆమెకు తెలుసు. స్నేహితురాలు అపర్ణ డబ్లిన్‌లో ఇలాగే పైపైన చూసి సరేనంది. ఇప్పుడు ఎవరినైనా పిలవాలన్నా, పొద్దుపోయి రావాలన్నా సంజాయిషీ చెప్పుకుంటోంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఒకరిని అడక్కుండా వెళ్ళి రాగలిగే ఇల్లు కావాలి మనస్వినికి. ఉంటుందన్న నమ్మకం లేదు. భయపడుతూనే, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చింది.

"వంట?" అంది.

"ఎవరిది వాళ్ళమే. నా పప్పు ఒక్కోసారి మాడుతుంది. కిటికీ తీస్తాను."

"నేను బాగా లేటుగా వస్తే?"

"తాళంచెవి మీ దగ్గర ఉంటుంది కదండీ."

"మీకు కోపమొస్తే ఏం చేస్తారు?"

అతను కెటిల్‌లో నీళ్ళు పట్టాడు.

"హూవర్ మిషన్ పెట్టి ఇల్లంతా ఊడుస్తానండి."

కార్పెట్ మీద నలకైనా లేదు. ఇతనికి ఎన్నిసార్లు కోపమొస్తుందోనని ఆమెకు కొత్త అనుమానం పట్టుకుంది.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇక్కడ ఇల్లాలు లేదు కాబట్టి మనస్విని ఇంటినే మరోసారి చూసింది. వంటింట్లో, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అలమర తలుపు తీసింది. కారప్పొడి, కందిపొడి, వరసగా డబ్బాలు. అతను పక్కకు జరిగి చోటిచ్చాడు. టీ పెడుతున్నాడు.

ఇంతలో అతని ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్ పెట్టాడు. వాళ్ళమ్మ. డబ్బాల మీది పేర్లు పైకి చదువుతున్న మనస్విని గొంతు ఆవిడకి వినబడింది.

"ఎవర్రా, ఆడగొంతు వినబడుతోంది?"

"గది చూడ్డానికి వచ్చారమ్మా."

"ఆడపిల్లకి ఇస్తావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ ఇక్కడ ఇళ్ళు దొరక్క తిరుగుతున్నారమ్మా. అనుకునే తీరిక వాళ్ళకి లేదు. ఆవిడకి గది కావాలి, నా దగ్గర ఉంది. అంతే."

అవతల ఆవిడ గొంతు తగ్గించింది.

"సర్లే. ఆ పిల్లకి టీ అన్నా ఇచ్చావా?"

మనస్విని నవ్వాపుకుంది. వచ్చినప్పటి భయం పోయింది. టీలో పంచదార ఎక్కువైనా మాట్లాడకుండా తాగింది. తాగి, మేడ ఎక్కకుండానే లేచింది.

"మరి గది?" అన్నాడు తేజేశ్వర్.

"గది వద్దండీ."

అతని ముఖం చిన్నబోయింది. "ఇల్లు నచ్చలేదా?"

"చాలా నచ్చింది."

అతనికేమీ అర్థం కాలేదు. బయట వాన పడుతుంటే గొడుగు ఇచ్చాడు, మళ్ళీ తెచ్చివ్వక్కర్లేదన్నాడు. బస్టాపుకు దారి చూపించి లోపలికి పోయాడు. కాసేపటికి లోపల హూవర్ చప్పుడు మొదలైంది.

బస్సులో కూర్చున్నాక మనస్విని రాజమండ్రిలో ఉన్న తండ్రికి ఫోన్ చేసి, "నాన్నా, ఆ బాలింకాలిగ్ సంబంధం వాళ్ళకి ఇప్పుడు నా ఫోటో పంపించు," అంది.